ఓనర్ పేరు తెల్వదు

కాశీరాంకు కోపం తొందరగా రాదు. పన్నెండేండ్లు బస్సులో కండక్టరుగా నిలబడ్డవాడు. చిల్లర కోసం బూతులు తిట్టేవాళ్లనూ, సీటు కోసం జుట్లు పట్టుకునేవాళ్లనూ చూసి చూసి, నోటిదాకా వచ్చిన మాటను మింగడం అలవాటు చేసుకున్నవాడు. డిపోలో తోటివాళ్లు "కాశన్న నెత్తి మీద నిప్పులు పోసినా చల్లగనే ఉంటడు" అనేవాళ్లు. అట్లాంటి మనిషి 1992 వానకాలంలో నెల రోజులు కడుపునిండా అన్నం తినలేదంటే, అది ఒట్టి కోపం వల్లనే.

పెన్‌పహాడ్ పక్క తండా వాళ్లది. ఉద్యోగం మిర్యాలగూడ డిపోలో. పెండ్లాం పుష్పాబాయినీ ఇద్దరు ఆడపిల్లలనూ తీసుకొచ్చి, రైస్‌మిల్లులకు పోయే తొవ్వలో ఒక లైను ఇంట్లో కాపురం పెట్టాడు. ఒకే కప్పు కింద వరసగా ఐదు అర్రలు. అందరికీ కలిపి ఒక నల్లా, ఒక బాత్రూం. మొదటి అర్ర వీళ్లది. రెండోదాంట్లో వెంకటనర్సమ్మ, ఆమె బిడ్డ సుగుణ. మూడోదాంట్లో మిల్లు హమాలీ సక్రు. మిగిలిన రెండింటిలో మనుషులు మారుతుండేవాళ్లు.

వెంకటనర్సమ్మకు నలభై దాటాయి. మొగుడు పోయి పదేండ్లు. మిల్లులో బియ్యం చెరిగి, నూకలు జల్లెడపట్టి బిడ్డను పదో తరగతిదాకా చదివించింది. కాశీరాంను "తమ్మీ" అని పిలిచేది. రెండో డ్యూటీ చేసి ఇంటికొచ్చేసరికి పుష్పాబాయి పడుకుని ఉంటే, "ఆకలితోని పండకు తమ్మీ" అని తన గిన్నెలోంచి ఇంత పప్పుచారు పోసి ఇచ్చేది. అందుకే సుగుణకు అతను మామ, పుష్పాబాయి అత్త. కులం వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు. అయినా వరసలు అట్లా కలిసిపోయాయి.

కిరాయి వసూలుకు పెద్దులు వచ్చేవాడు. నెల మొదటి వారంలో లూనా బండి మీద దిగి, పాన్ నములుతూ ఒక్కో తలుపూ కొట్టేవాడు. ఇల్లు తనది కాదని తనే చెప్పేవాడు. ఎవరిదంటే మాత్రం "సారుది" అనేవాడు. ఏ సారో, ఏ ఊరో, నాలుగేండ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

"సారు పేరేందన్నా?" అని వెంకటనర్సమ్మ ఒకసారి అడిగింది.

"నీకు ఇల్లు కావాల్నా, ఇల్లుగలాయన కావాల్నా? కిరాయి నాకిస్తున్నవ్. బాధ గూడ నాకే చెప్పు" అన్నాడు పెద్దులు.

బాధ చెప్పారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. బాత్రూం గోడలోంచి పోయిన కరెంటు వైరు ఎప్పటిదో. దాని మీది తొడుగు పగిలిపోయింది. మొదటి వానకు గోడ నానగానే చెయ్యి ఆనిస్తే జుమ్మంది. పుష్పాబాయి కెవ్వున అరిచి బకెట్టు ఎత్తేసింది. కాశీరాం బల్బు తీసేశాడు. దాంతో పోతుందనుకున్నాడు. పోలేదు. వైరులో కరెంటు వైరులోనే ఉంది. పెద్దులు మాత్రం నాలుగుసార్లూ "ఏం కాదు" అనే అన్నాడు.

కరెంటు ఆఫీసుకు పోతే అక్కడి గుమాస్తా తల ఎత్తకుండానే చెప్పాడు. "స్తంభం కాడినుంచి మీటరుదాకనే మాది. ఇంట్ల వైరింగు ఇంటోళ్లది. లైను తీసేయాల్నంటే మీటరు ఎవరి పేరుమీదుంటే వాళ్లు దరఖాస్తు పెట్టాలె. మీరు కిరాయిదార్లు. మీ సంతకం చెల్లది."

సరే, మనమే పైసలేసుకుని ఒక మెకానిక్‌ను పిలిచి వైరు తెంపిద్దామని కాశీరాం అన్నాడు. ఆ మాట పెద్దులు చెవిన పడింది. లూనా దిగకుండానే వేలు చూపించి బెదిరించాడు.

"సారును అడగకుంట గోడ మీద చెయ్యేసినోడు తెల్లారి సామాన్లు సదురుకోవాలె. చెప్తున్న."

"మరి సారునే అడుగు. లేకుంటే అడ్రస్ ఇయ్యి, నేనే పొయ్యి అడుగుత."

"అడ్రస్ నీకెందుకు? నేను లేనా?"

మిర్యాలగూడలో ఆ రోజుల్లో అర్ర దొరకడం కష్టం. లంబాడోళ్లంటే మరీ కష్టం. పిల్లల బడి అప్పుడే మొదలైంది. కాశీరాం ఎప్పటిలాగే మాట మింగాడు. ఆ మింగిన మాటే తర్వాత అతని గొంతుకు అడ్డం పడింది.

శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. మంగళవారం పొద్దున ఆరుగంటల డ్యూటీకి పోవాలని వెంకటనర్సమ్మ తానానికి పోయింది. లోపల ఇనుప బకెట్టు దొర్లిన చప్పుడైంది. సుగుణ "అమ్మా" అంటే పలకలేదు. మళ్లీ పిలిచింది. తర్వాత ఆ పిల్ల అరిచిన అరుపుకు ఐదు తలుపులూ ఒక్కసారే తెరుచుకున్నాయి. కాశీరాం ఉరికి మెయిన్ స్విచ్చు గుంజాడు. సక్రు రోకలితో తలుపు కొట్టి తీశాడు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు గానీ, డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు. మళ్లీ ఇంటికే తెచ్చి చాప మీద పడుకోబెట్టారు.

మధ్యాహ్నం పంచనామా రాయడానికి హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. కుర్చీ తెప్పించుకుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని అడగడం మొదలుపెట్టాడు.

"ఇంటి ఓనరెవరు?"

అందరూ సక్రు వైపు చూశారు.

"మిమ్ములనే. ఓనర్ పేరేంది?"

"తెల్వదు సార్" అన్నాడు సక్రు.

"ఊరు?"

"తెల్వదు."

"ఎన్నేండ్లసంది ఉంటున్నరు ఈడ?"

"నాలుగేండ్లు" అన్నాడు కాశీరాం. చెప్తుంటే తనకే సిగ్గనిపించింది.

హెడ్ కానిస్టేబుల్ నవ్వాడు. చచ్చిన మనిషి చాప మీద ఉండగానే నవ్వాడు. "నాలుగేండ్లు కిరాయి కట్టి ఎవరికి కడుతున్నరో తెల్వదా? ఏం మనుషులయ్యా మీరు?" అని, కాగితం మీద రాసుకున్నాడు. కాశీరాంకు తలకిందుగా కనబడింది, అయినా చదవగలిగాడు. 'ఇంటి యజమాని పేరు తెలియదు.'

ఆ నాలుగు మాటలు అతన్ని పట్టుకుని వదల్లేదు. బస్సులో టికెట్ కొడుతుంటే అవే. కండ్లు మూసుకుంటే అవే. ఒక మనిషి చచ్చిపోతే చంపినవాడి పేరు చెప్పలేని బతుకేమిటని తనను తానే తిట్టుకున్నాడు.

పెద్దులు పదిహేను రోజులు పత్తాలేడు. పదహారో రోజు లూనా చప్పుడైంది. దిగగానే సుగుణ తలుపు దగ్గరికి పోయాడు.

"బిడ్డా, ఒంటరి ఆడపిల్లకు అర్ర ఇయ్యొద్దన్నడు సారు. ఈ నెలాఖరుకు ఖాళీ చెయ్యాలె."

సుగుణ తలుపు పట్టుకుని అట్లాగే నిలబడింది. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన కాశీరాం టికెట్ల సంచి భుజానే ఉండగా వచ్చి లూనా హ్యాండిలు పట్టుకున్నాడు.

"సారుకు ఎర్కేనా ఆమె చచ్చిపోయింది?"

"చెప్పిన. పాపం, చాన బాధపడ్డడు."

"ఎవరు? ఎవరు బాధపడ్డది? పేరు చెప్పు."

"సెయ్యి తియ్యి కాశీరాం."

"పేరు చెప్పి పో. నాలుగుసార్లు చెప్పినం నీకు. నువ్వు సారుకు చెప్పినవా, నీ కడుపుల పెట్టుకున్నవా? అదన్నా చెప్పు."

పెద్దులు పాన్ ఉమ్మి, బండి స్టార్టు చేసి, "తడి చేతులతోని గోడ పట్టుకున్నది ఆమె. మధ్యన సారేం చేసిండు?" అంటూ పోయాడు. కాశీరాం చెయ్యి గాలిలో మిగిలిపోయింది. ఆ రాత్రి పుష్పాబాయి కంచం ముందు పెడితే తమ భాషలో ఒక్కటే మాట అన్నాడు. వాడి పేరు తెలిసేదాకా నాకు ముద్ద దిగదని.

వీక్లీ ఆఫ్ రోజు మున్సిపాలిటీకి పోయాడు. ఇంటి పన్ను గుమాస్తా మొదటిసారి రేపు రమ్మన్నాడు, రెండోసారి సాయంత్రం రమ్మన్నాడు. మూడోసారి కాశీరాం బల్ల ముందునుంచి కదలకపోయేసరికి విసుక్కుంటూ రిజిస్టరు తిప్పాడు. ఇల్లు ఆండాళమ్మ పేరు మీద ఉంది. కోదాడ అడ్రసు రాసి ఉంది.

కోదాడ! వారానికి నాలుగుసార్లు అక్కడ పావుగంట బస్సు ఆగుతుంది. ఆ పావుగంట అతను బస్టాండులో చాయ తాగుతూ కూర్చునేవాడు.

మరుసటి వారం కోదాడ పోయి ఆ ఇల్లు పట్టుకున్నాడు. వరండాలో కుట్టుమిషను ముందు ఒకామె కూర్చుని జాకెట్టు కుడుతోంది. పేరు చిన్ని అని తర్వాత చెప్పింది. కాశీరాంను చూసి లేచి నిలబడింది.

"ఆండాళమ్మగారి ఇల్లు ఇదేనా అమ్మా?"

"ఇదేనండి. మీరు ఓనరు తాలూకా? మంచిపని చేశారు వచ్చి. ఆ వంటింటి పైకప్పు చూడండి ముందు, పెచ్చులూడి పడుతోంది. రెండేళ్లనుంచి చెప్తున్నాం."

"నేను ఓనర్ మనిషిని కాదమ్మా. ఓనర్ కోసమే వచ్చిన. ఆమె ఈడ ఉండదా?"

"ఉంటే మాకీ బాధెందుకండి? మేమూ అద్దెకున్నవాళ్లమే. ఓనరు మొహం ఎప్పుడూ చూళ్లేదు. అద్దెకు పెద్దులుగారని ఒకాయన వస్తాడు."

కాశీరాం వరండా మెట్టు మీద కూలబడ్డాడు. చిన్ని మంచినీళ్లిచ్చింది. జరిగిందంతా విని, "ఎంత ఘోరమండి" అని చాలాసేపు మిషను తొక్కలేదు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు అంది, "ఆండాళమ్మగారి పేరు మీద ఉత్తరాలు మాత్రం ఈ అడ్రసుకే వస్తాయంట. పోస్టుమ్యాను ఇక్కడివ్వడు. ఎక్కడికో తిప్పి పంపిస్తాడు. కాటయ్యగారిని అడిగి చూడండి."

పోస్టుమ్యాన్ కాటయ్య పోస్టాఫీసు ఎదురు హోటల్లో దొరికాడు. రిటైరు కాబోయే వయసు. విషయం చెప్పగానే తల అడ్డంగా ఊపాడు.

"ఒకరి అడ్రస్ ఇంకొకరికి చెప్పొద్దు బాబూ. నా నౌకరి పోతది."

"నేను గూడ నౌకరి చేసేటోణ్ణే పెద్దాయనా. రూలు నాకు ఎర్కే. కానీ ఒక్కమాట చెప్పు. మనిషి చచ్చిపోయింది. పోలీసులు ఓనర్ పేరు తెల్వదని రాసుకున్నరు. రేపు కేసు గూడ గట్లనే ఖతమైతది. ఆమె బిడ్డకు పందొమ్మిదేండ్లు. ఆ పిల్లకు నేనేం చెప్పాలె?"

కాటయ్య చాయ మొత్తం తాగాడు. సంచిలో చెయ్యి పెట్టి, వెతికి, ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు. పైన ఆండాళమ్మ పేరు ఉంది. జేబులోంచి పెన్ను తీసి, కోదాడ అడ్రసు మీద గీత కొట్టాడు. దాని పక్కన చిన్నపిల్లలకు రాసి చూపించినట్టు ఒక్కో అక్షరం పెద్దదిగా కొత్త అడ్రసు రాశాడు. 'కేరాఫ్ లక్ష్మీకాంతరావు, రిటైర్డ్ తహసీల్దార్, సూర్యాపేట' అని, వీధి పేరు, ఇంటి నెంబరు. రాసి, సిరా ఆరేదాకా కవరును అట్లాగే ఉంచి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కాశీరాం లేచి చేతులు జోడించాడు.

సూర్యాపేటలో ఆ వీధి మొదట్లోనే బస్సు మలుపు తిరుగుతుంది. ఎన్నోసార్లు అక్కడ ప్యాసింజర్లను దించాడు. మేడ ఇల్లు. గేటు పక్కన నల్లరాయి మీద బంగారు రంగు అక్షరాలు. పేరు, చదువు, చేసిన ఉద్యోగం, అన్నీ అందులో ఉన్నాయి. ఆ రాయిని చూడగానే కాశీరాంకు చెవులు వేడెక్కాయి.

లక్ష్మీకాంతరావు వరండాలో పేపరు చదువుతున్నాడు. తెల్ల పంచె, బంగారు ఫ్రేము కండ్లద్దాలు. ఖాకీ బట్టలు చూసి, "ఏం కావాలె?" అన్నాడు మెత్తగా.

"మిర్యాలగూడ ఇంట్ల కిరాయికుంటున్న సార్. మొన్న మా పక్కర్ర వెంకటనర్సమ్మ మీ బాత్రూంల కరెంటు కొట్టి చచ్చిపోయింది."

పెద్దమనిషి పేపరు మడిచాడు. కండ్లద్దాలు తీశాడు. అయ్యో అంటాడేమోనని కాశీరాం ఎదురుచూశాడు.

"ఈ అడ్రస్ నీకు ఎవరిచ్చిండ్రు?" అన్నాడు లక్ష్మీకాంతరావు.

కాశీరాం పన్నెండేండ్లుగా మింగినవన్నీ ఒక్కసారి లోపలినుంచి ఎగదన్నాయి.

"మనిషి చచ్చిపోయిందంటే నువ్వు అడిగేది అదా సార్?"

"ఆ ఇల్లు మా ఇంటామె పేరు మీదున్నది. సూసుకునేది పెద్దులు. ఏమున్నా ఆయనతోని మాట్లాడుకోండ్రి. నన్నడుగుడు న్యాయం కాదు."

"పెద్దులు సారు అంటడు. సారు పెద్దులు అంటడు. మధ్యన ఆమె పోయింది. నాలుగుసార్లు చెప్పినం సార్, గోడకు కరెంటొస్తున్నదని. నీ అడ్రస్ మాకు ఎర్కుంటే అయిదోసారి నీకు చెప్తుంటిమి. ఒక్క కార్డు ముక్క రాస్తుంటిమి. నువ్వొక మెకానిక్‌ను పంపితే అరగంట పని. ఆమె బతికి ఉంటుండె."

"గట్టిగ మాట్లాడకు."

"మాట్లాడుత. నువ్వు తహసీల్ ఆఫీసుల చేసినోడివి కదా. నా నౌకరికి కులం సర్టిఫికెట్ కావాల్నంటే మీ ఆఫీసుల ఏం అడిగిండ్రో ఎర్కేనా? నా పేరు, మా నాయిన పేరు, తాత పేరు, తండా పేరు, ఎన్నేండ్లసంది ఉంటున్నరు, ఎవరి భూములు దున్నిండ్రు. అన్నీ చెప్పినం. పదకొండుసార్లు తిరిగి చెప్పినం. మా ఏడు తరాలు మీకు కావాలె. మీ పేరొక్కటి మాకు తెల్వొద్దా? నీ గేటుకు పెట్టుకున్నవ్ గదా గింత పెద్దగ, గా రాతిల సగం ముక్క ఆడ పెడితే నీ సొమ్మేం పోయింది?"

లోపలినుంచి ఎవరో తలుపు దగ్గరికి వచ్చారు. లక్ష్మీకాంతరావు లేచాడు. మొహం ఎర్రబడింది. "బయటికి నడువు. మీ డిపోలో నాకు తెలిసినోళ్లున్నరు. నౌకరి చెయ్యాల్నా వద్దా నీకు?"

"చెప్పుకో సార్. నా పేరు కాశీరాం. మిర్యాలగూడ డిపో. నేనేం దాచుకోను" అని గేటు తీసుకుని వచ్చేశాడు.

తెల్లారి పోలీస్‌స్టేషనుకు పోయి పేరు, అడ్రసు కాగితం మీద రాసిచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకున్నాడు. అక్కడినుంచి రంగుల దుకాణానికి పోయి ఎర్రరంగు డబ్బా, కుంచె కొన్నాడు. రోడ్డు వైపు గోడ మీద మూరెడు మూరెడు అక్షరాలు రాశాడు. సుగుణ స్టూలు పట్టుకుంది.

'ఈ ఇంటి ఓనర్ ఆండాళమ్మ, భర్త లక్ష్మీకాంతరావు, రిటైర్డ్ తహసీల్దార్, సూర్యాపేట.' కింద వీధి, ఇంటి నెంబరు. దాని కింద, 'ఈ ఇంట్లో కరెంటు షాకుతో వెంకటనర్సమ్మ చనిపోయింది.'

మిల్లులకు పోయే లారీలు ఆగి చదివాయి. హమాలీలు చదవనోళ్లకు చదివి వినిపించారు. ఒక కార్డు రాసి కోదాడ చిన్నికి కూడా అడ్రసు పంపించాడు.

నాలుగేండ్లలో ఒక్కసారి కూడా రాని మనిషి మూడో రోజు అంబాసిడర్ కారులో దిగాడు. వెంట పెద్దులు, సున్నం బకెట్టుతో ఒక కూలీ. లక్ష్మీకాంతరావు గోడ చూసి, "తుడువు ముందు" అన్నాడు. కూలీ కుంచె ముంచేలోపల సుగుణ గోడకు వీపు ఆనించి నిలబడింది. ఆమె పక్కన పుష్పాబాయి వచ్చి నిలబడింది. తర్వాత మిల్లు నుంచి వస్తున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే చేరారు. కూలీ బకెట్టు కింద పెట్టేశాడు.

"ఏం కావాలె మీకు? సాయం చేస్తనంటిగద పెద్దులుతోని" అన్నాడు లక్ష్మీకాంతరావు. అట్లాంటి మాట అక్కడ ఎవరూ వినలేదు.

"మీరు ఇల్లు సూసిండ్రా సార్?" అంది సుగుణ.

తల్లి పోయినప్పటినుంచి ఆ పిల్ల నలుగురిలో మాట్లాడడం అదే మొదలు.

"రాండ్రి, సూపిస్త" అని ముందు నడిచింది. అంతమంది చూస్తుంటే రాకుండా ఉండలేక అతను వెంట నడిచాడు. బాత్రూం తలుపు తోసింది. లోపల గోడ ఇంకా తడిగానే ఉంది. ఆ రోజునుంచి అక్కడ ఎవరూ తానం చెయ్యలేదు, పగలు మెయిన్ తీసే ఉంచేవాళ్లు. ఆమె కాశీరాం వైపు తిరిగింది.

"మామా, మెయిన్ ఎయ్యి."

కాశీరాం ఒక్క నిమిషం ఆమె మొహం చూశాడు. పోయి స్విచ్చు వేశాడు.

"గీడనే సార్, మా అమ్మ చెయ్యి పెట్టింది. మీ ఇల్లే గదా. మీ గోడనే గదా. ఒక్కసారి చెయ్యి పెట్టుండ్రి."

లక్ష్మీకాంతరావు అడుగు వెనక్కు వేశాడు.

"పెద్దులన్నా, నువ్వు పెట్టు. ఏం కాదన్నవ్ గదా నాలుగుసార్లు. పెట్టు."

పెద్దులు పాన్ నమలడం మానేశాడు.

"భయమైతుందా సార్? మాకూ భయమే అయ్యింది. కానీ భయమైతుందని చెప్పుకుందామంటే మీరు ఏడున్నరో తెల్వకపాయె" అంది సుగుణ. చెయ్యి ముందుకు చాచింది. ఆ చెయ్యి గోడ వైపు ఎక్కడ పోతుందోనని కాశీరాం గబుక్కున మెయిన్ తీసేసి వచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే మెకానిక్ వచ్చాడు. వారంలో ఇంటి వైరింగంతా మారింది. సుగుణను ఖాళీ చెయ్యమన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. గోడ మీద రాతను తుడిచే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ వీధిలోనే ఇంకో రెండు లైను ఇండ్ల ఓనర్లు తమంతట తామే వచ్చి, కిరాయిదార్లకు పేరు, ఊరు, ఫోను నెంబరు కాగితం మీద రాసిచ్చి పోయారు. తమ గోడల మీద ఎక్కడ ఎర్రరంగు పడుతుందోనని వాళ్ల భయం.

కేసు మాత్రం వేరే తొవ్వ పట్టింది. ఏడాదికి చార్జిషీటు వేశారు. ముద్దాయి పెద్దులు ఒక్కడే. లక్ష్మీకాంతరావు పేరు సాక్షుల్లో ఉంది. కాశీరాం ఆ కాగితం చదివి, కోర్టు వరండాలోనే గట్టిగా అరిచాడు. సుగుణ తరఫు ప్లీడరు అతన్ని పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. ఈలోపల డిపోలో అతని మీద ఎవరో ఫిర్యాదు పెట్టారు, డ్యూటీ బట్టల్లో పెద్దమనుషుల ఇంటి మీదికి పోయాడని. మెమో వచ్చింది. తర్వాత దూరపు డిపోకు బదిలీ అయింది.

పోయే రోజు సామాన్లు లారీకి ఎక్కిస్తుంటే సుగుణ వచ్చి పుష్పాబాయి పిల్లలకు జడలు వేసింది. ఆమెకు మిల్లు ఆఫీసులో తూకం చీటీలు రాసే పని దొరికింది.

"మామా, నా ఎనుక నిలబడి ఇంత మోసినవ్. ఇగ ఇడిసిపెట్టు. కోర్టుకు నేను పోత ప్రతి వాయిదాకు" అంది.

"ఆయనను సాక్షి అని రాసిండ్రు బిడ్డా" అన్నాడు కాశీరాం.

"రానియ్యి మామా. సాక్షి అయితే బోను ఎక్కాలె గదా. ఎక్కినంక ప్లీడరుతోని అడిగిపిస్త, నాలుగేండ్లు మాకు కనబడకుంట ఎందుకున్నవని. జవాబు చెప్పేదాక దిగనియ్య."

లారీ కదిలింది. పుష్పాబాయి కొంగుతో కండ్లు తుడుచుకుంది. సుగుణ ఏడవలేదు. మిల్లుకు టైమవుతోందని చెప్పులు వేసుకుని, లారీ మలుపు తిరగకముందే రోడ్డెక్కి గబగబా నడిచిపోయింది.